ఒంటి పెట్టె

మా వాళ్ళలో పెండ్లికొడుకు ఎక్కే బండి మేనత్త ఇంటి నుంచి రావాలి. వెనకట ఎడ్లు కట్టిన గూడుబండి, కచ్చురం వచ్చేది. నా పెండ్లికి మా మేనత్త పంపిన ఎడ్లలో ఒకటి కుంటుతుండేది. దాన్నే కట్టారు. ఊళ్ళో అంతకంటే మంచి ఎడ్లు లేవా అని ఎవరూ అడగలేదు. బండి ఎవరింటిదన్నదే లెక్క, ఎట్లాంటిదన్నది కాదు.

నా భార్య ప్రమోదిని తన తమ్ముడు దామోదర్‌రావు కొడుకును చంక దించకుండా పెంచింది. మాకు పిల్లలు లేరు. వాడి పేరు రామేశ్వర్‌. ఇంట్లో రామేశం అంటారు. వాడు గోడ మీద బొగ్గుతో బండ్ల బొమ్మలు గీస్తుంటే, "నీ పెండ్లికి మా ఇంటి బండే రా రామేశం" అనేది. అప్పటికి మా ఇంట్లో సైకిలు కూడా లేదు.

తర్వాత భూమి కొంత అమ్మి నేను పాత జీపు కొన్నాను. సుల్తానాబాద్ నుంచి కరీంనగర్‌కు మనుషులను ఎక్కించుకుని తిప్పుతాను. రావుల ఇంట్లో పుట్టి డ్రైవరయ్యాడని చుట్టాలు నవ్వారు. నవ్విన వాళ్ళే బస్సు దొరకని రోజు ముందు సీట్లో కూర్చుని, చార్జీ ఇవ్వకుండా దిగిపోయారు. జీపు ఇంటికి వచ్చిన నాడు ప్రమోదిని దానికి పసుపు కుంకుమ పెట్టి, "ఇది రామేశం పెండ్లికి పోయే బండి" అంది. ఆ మాట తమ్ముడి ముందు కూడా అంది. మరదలి ముందు కూడా అంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు కామెర్లతో పోయింది.

రామేశం పెండ్లి కుదిరింది. పిల్లది కాగజ్‌నగర్. ఆ సంగతి నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. జీపుల అడ్డా మీద విన్నాను. విన్న మర్నాడు దామోదర్‌రావు ఇంటికి పోయాను. అతనికి సుల్తానాబాద్‌లో రైసు మిల్లు ఉంది. అరుగు మీద కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు.

"లగ్గం తారీకు చెప్తే జీపు కడిగి పెట్టుకుంట" అన్నాను.

దామోదర్‌రావు పేపరు మడిచాడు. "గదే బావా, నీతోని మాట్లాడుదామనే అనుకుంటున్న. నీ జీపుల టేపు లేదు గద."

"లేదు."

"గిప్పటి పోరగాండ్లు పాటలు లేకుంటె బండి ఎక్కుతలేరు. వాని దోస్తులు వస్తరు, ఎగురుతరు. వూఫర్లు గావాలంటున్నరు. గుండెల మీద గుద్దినట్టు కొట్టాలెనట."

"రామేశం అన్నడా?"

"వాడే అన్నడు. పర్శరాములు జీపుల నాలుగు వూఫర్ పెట్టెలున్నయట గద."

పర్శరాములు మా అడ్డా మీదనే జీపు నడుపుతాడు. అతని జీపు వస్తుంటే ముందు చప్పుడు వస్తుంది, తర్వాత జీపు వస్తుంది. కాలేజీ పోరగాండ్లు దానికోసమే నిలబడతారు. నా జీపుకు మూగ జీపు అని పేరు పెట్టారు. ముసలివాళ్ళు, జ్వరం వచ్చినవాళ్ళు నా జీపు ఎక్కుతారు.

దామోదర్‌రావు భార్య సరళాదేవి చాయ్ తెచ్చింది. "మీకెందుకన్నయ్యా గీ తిప్పలు? మీరు పెద్దమనుషులు. ముందుగాల కార్ల కూసోని రాండ్రి. మర్యాదగ ఉంటది."

కారులో కూర్చోవడానికి నేను పోలేదు.

"పాటలుంటె నా జీపే గద?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఉంటె ఇంకేం బావా" అన్నాడు దామోదర్‌రావు.

ఆ మాట పట్టుకుని లేచాను. చాయ్ సగమే తాగాను.

జీపు వెనక టైర్లు రెండూ అరిగిపోయి ఉన్నాయి. కొత్త టైర్లకని కొంత పైకం పక్కన పెట్టాను. దాన్ని తీశాను. అది టేపుకు, ఆంప్లిఫయర్‌కు, వూఫర్‌కు సరిపోవాలి. అంతకుమించి నా దగ్గర లేదు, అడగడానికి మనిషి లేడు.

ముందు రహీమ్ దగ్గరికి పోయాను. సుల్తానాబాద్ బస్టాండు ఎదుట రేడియోలు బాగుచేస్తాడు. నోరు ఆగదు. రేడియో అడిగితే ఊరి సంగతులన్నీ చెప్పి, చివరికి రేడియో కోసం రేపు రమ్మంటాడు.

"డబ్బా మీద నంబర్ చూసి కొనకుండ్రి రావ్ సాబ్" అన్నాడు. "రెండే చూడాలె. ఆంప్లిఫయర్ ఆగకుంట ఎన్ని వాట్లు ఇస్తది, అది ఎన్ని ఓంల వూఫర్‌ను మోస్తది. నాలుగు ఓంల ఆంప్లిఫయర్ తీస్కుంటె నాలుగు ఓంల వూఫర్ తీస్కోవాలె."

"నాలుగు ఓంలేంది రా? పంతులును పిలవాల్నా?"

"అది మీ ఓం గాదు సాబ్, కరెంటు ఓం. నేను పొద్దుందాక అంట. నమాజుకు ఏం అడ్డం రాలే."

"ఏం పని చేస్తది అది?"

"అడ్డం నిలబడతది. కరెంటు ఊకె ఉరుకకుంట ఆపుతది. ఓంలు తక్కువైతె కరెంటు ఎక్కువ ఉరుకుతది, ఆంప్లిఫయర్ వేడెక్కుతది. మీ దగ్గరున్న పైసలకు ఒక్కటే వూఫర్ కొనుండ్రి. ఒక్కటే, మంచిది. రెండు నాసివి కొంటె రెండు దగ్గులు వినబడతయి."

కరీంనగర్‌లో కార్ల సామాను దుకాణం అంబదాస్‌ది. ఆదిలాబాద్ మనిషి. వాళ్ళ వాళ్ళంతా పత్తి వ్యాపారంలో ఉంటే ఇతను ఇక్కడికి వచ్చి సీటు కవర్లు, హారన్లు, టేపులు పెట్టాడు. తెలుగు మాట్లాడతాడు, మధ్యలో మరాఠీ పడుతుంది.

"బసా దాదా, బసా" అని స్టూలు జరిపాడు. నా చెప్పులు చూసి లోపలి డబ్బాలు తీయలేదు. బయటివే తీశాడు. ఒక ఆంప్లిఫయర్ డబ్బా మీద ఎనిమిది వందల వాట్లని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. డబ్బాను తిరగేసి చూశాను. వెనక చిన్న అక్షరాల్లో నలభై అని ఉంది. దాని పక్కన నాలుగు ఓంలు.

"ముందర ఎనిమిది వందలు, వెనక నలభై. ఏది నిజం?"

"రెండూ నిజమే దాదా. ముందరిది పీఎంపీఓ."

"అంటె?"

"అంటె ఒక్క రెప్పపాటు అంత బలం వస్తదన్నట్టు."

"రెప్పపాటు తర్వాత?"

"తర్వాత వెనకది."

సంతలో ఎద్దును అమ్మేవాడు అది ఒకసారి తన్నిన తన్ను చెప్పి అమ్మడు. పొద్దంతా ఎంత దున్నుతుందో చెప్పాలి. లేకపోతే నలుగురు పట్టుకుని అడుగుతారు. అంబదాస్‌ను అడిగేవాడు లేడు. అచ్చు వేసి ఉంది కాబట్టి అందరూ నమ్ముతారు. అయినా కొన్నాను. వెనకదాన్ని చూసి కొన్నాను. నాలుగు ఓంల వూఫర్ ఒకటి కొన్నాను.

రహీమ్ ప్లైవుడ్‌తో పెట్టె చేయించి, రెక్సిన్ అంటించి, వెనక సీటు కింద బిగించాడు. టేపు పెట్టాడు. దరువు మొదలు కాగానే సీటు పలక అదిరింది. నా కాళ్ళ కింద నుంచి పైకి వచ్చింది. చెడ్డగా లేదు.

"సరిపోయిన జోడి" అన్నాడు రహీమ్. "గొంతు పిసికినట్టు లేదు, గొంతు చించుకున్నట్టు లేదు."

జీపును తిన్నగా దామోదర్‌రావు ఇంటి ముందుకు తీసుకపోయాను. పాట పెట్టాను. రామేశం బయటికి వచ్చాడు. పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాడు. "బాగ కొడుతుంది మామా" అన్నాడు. వాడి ముఖం చిన్నప్పటిలాగే ఉంది ఆ ఒక్క నిమిషం. వెనక నుంచి సరళాదేవి వచ్చింది. వంగి చూసింది.

"ఒక్కటేనా అన్నయ్యా?"

"ఒక్కటే. ఒక్కటి చాలు. జీపు ఎంత గనుక."

"పెండ్లి బండిల ఒంటి పెట్టేంది?" అంది. "పెండ్లికి ఏదైనా జోడు ఉండాలె గద. కుండలు జోడు, బాసింగాలు జోడు, కొబ్బరి బోండాలు జోడు. ఒంటి వస్తువ పెండ్లింటికి తేరు. మీకు తెల్వదా?"

"చెల్లె, పాట ఒక్కటే గద."

"మీ ఇష్టం. నేను చెప్పేది చెప్పిన."

దామోదర్‌రావు నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆడోళ్ళ పట్టింపు బావా. ఏం జేస్తం."

"రెండు పెట్టెలైతె నా జీపే గద?"

"ఇంకేం బావా."

రామేశం రెక్సిన్ అంచు గోటితో గీకుతూ నిలబడ్డాడు. బాగుందన్నవాడే నిమిషం తిరగకముందే నోరు మూసుకున్నాడు.

మిగిలిన పైసలు పట్టుకుని మళ్ళీ అంబదాస్ దగ్గరికి పోయాను. అదే రకం వూఫర్ ఇంకొకటి అడిగాను. అడిగేటప్పుడే తెలుసుకోవాలనుకున్నది కూడా అడిగాను.

"గీ ఆంప్లిఫయర్ రెండిటిని మోస్తదా?"

"ఎనిమిది వందల వాట్లు దాదా. రెండు గాదు, నాలుగు పెట్టెలు మోస్తది."

"నలభై అని ఉంది వెనక. నాలుగు ఓంలని ఉంది. రెండు పెట్టెలంటె నాలుగు, నాలుగు, ఎనిమిది ఓంలైతయి గద. ఎనిమిది దానికి బరువు గాదా?"

"ఎనిమిదే. ఎక్కువైతె ఇంకా మంచిది" అన్నాడు.

ఎక్కువైతే మంచిదని రహీమ్ కూడా అన్నట్టే గుర్తు. సరేనన్నాను. అంబదాస్ తానే పెట్టె బిగించి, తానే వైర్లు తగిలించాడు. మొదటి పెట్టె వైరు ఎక్కడ ఉందో అక్కడే రెండో పెట్టె వైరు కూడా పెట్టి ఒకే మర కింద బిగించాడు. రెండూ మోగాయి. దుకాణం అద్దాలు గలగలలాడాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. మూగ జీపు అన్నవాళ్ళు అక్కడ ఉంటే బాగుండుననుకున్నాను.

దారిలో మనుషులను ఎక్కించుకున్నాను. ఆ రోజు కాలేజీ పోరగాండ్లు కూడా ఎక్కారు. పెంచమంటే పెంచాను. దుర్శేడు దాటిన తర్వాత వెనక కూర్చున్న ఒక ఆడమనిషి, "ఏదో కాలుతుంది" అంది. తన కొంగేమో అనుకుని దులుపుకుంది. కొంగు కాదు. సీటు కింద నుంచి పొగ వస్తోంది. జీపు ఆపి వైరు పీకాను. చెయ్యి కాలింది. పాట ఆగింది. పోరగాండ్లు దిగి వెనక వచ్చే పర్శరాములు జీపు ఎక్కారు. దిగేటప్పుడు ఒకడు, "మూగది మాట్లాడబోయి సచ్చింది" అన్నాడు. మిగిలినవాళ్ళు నవ్వారు. ఆడమనిషి మాత్రం దిగలేదు. ఆమెను సుల్తానాబాద్‌లో దించి అదే జీపును వెనక్కి తిప్పాను.

అంబదాస్ దుకాణంలో గిరాకీ ఉంది. ఆంప్లిఫయర్‌ను బల్ల మీద పెట్టాను. వాసన చూసి అతనికి అర్థమైంది.

"ఎవరు తగిలిచ్చిన్రు వైర్లు?" అన్నాడు.

"నువ్వే."

"నేను తగిలిచ్చినప్పుడు మంచిగ మోగింది గద. నువ్వు గట్టిగ పెట్టినవ్."

"ఎనిమిది వందల వాట్లది గట్టిగ పెట్టద్దా?"

"పెట్టచ్చు. రెండు పెట్టెలకు గట్టిగ పెట్టద్దు."

"నాలుగు పెట్టెలు మోస్తదన్నవ్."

"మోస్తదన్న. గట్టిగ పాడుతదన్ననా?"

గిరాకీకి వచ్చినవాళ్ళలో ఒకడు ఫక్కున నవ్వాడు. అంబదాస్‌కు అది బలమైంది.

"గ్యారంటీ కాయితం ఇచ్చినవ్ గద" అన్నాను.

"కాలినదానికి గ్యారంటీ ఉండది దాదా. కాలనిదానికే ఉంటది."

"కాలనిదానికి గ్యారంటీ ఎందుకు?"

"గది కంపెనీవాళ్ళను అడుగు."

ఆ కంపెనీ ఎక్కడుందో డబ్బా మీద రాసి లేదు. ఎనిమిది వందలని రాయడానికి చోటుంది, ఊరి పేరు రాయడానికి చోటు లేదు. నేను ఆ దుకాణం ముందు జీపు అడ్డంగా పెట్టి పొద్దుగూకే దాకా కూర్చున్నాను. లోపలికి పోయేవాళ్ళకు వరసగా చెప్పాను. కొందరు విన్నారు. విన్నవాళ్ళు కూడా లోపలికే పోయారు. చివరికి అంబదాస్ వచ్చి ఒక హారన్ ఇస్తాను పొమ్మన్నాడు. హారన్ వద్దన్నాను. దొంగ చేతి దానం నాకు పనికిరాదు.

రహీమ్ ఆంప్లిఫయర్‌ను విప్పి లోపల చూశాడు. నాలుక చప్పరించాడు.

"ఏం జేసిన్రు రావ్ సాబ్, రెండు పెట్టెలు పక్కపక్కన తగిలిచ్చిన్రా?"

"ఎనిమిది ఓంలయితయనుకున్న."

"పక్కపక్కన పెడితె ఓంలు కూడవు. సగమైతయి. రెండే ఓంలు."

"ఏ లెక్కల రా, రెండు కలిస్తె సగమయ్యేది?"

"పెండ్లి లెక్కల" అన్నాడు రహీమ్ నవ్వుతూ. "ఇద్దరు కలిస్తె జీతం సగమైతది." అని నా ముఖం చూసి నవ్వు ఆపాడు. కాసేపు స్క్రూ డ్రైవర్ కోసం వెతికాడు. అది అతని చేతిలోనే ఉంది.

"మీకు మడి లెక్క చెప్త" అన్నాడు తర్వాత. "మీ మోటరు చిన్నది. కాలువకు పక్కపక్కన రెండు గండ్లు కొట్టిన్రు. నీళ్ళు రెండు మళ్ళకు ఒక్కసారి ఉరికినయ్. మోటరు కాలింది. గట్ల గాదు. ఒక్కటే గండి కొట్టాలె. నీళ్ళు మొదటి మడి నిండి, దాంట్ల నుంచి రెండో మడికి పారాలె. మోటరు సల్లగ ఉంటది."

"రెండో మడికి నీళ్ళు అందుతయా?"

"అందుతయి. జర నిమ్మలంగ. అప్పుడైతయి మీ ఎనిమిది ఓంలు. సప్పుడు తగ్గుతది. కాని పొద్దుందాక పాడినా కాలది."

ఎక్కడో చచ్చిన టేపురికార్డర్లలోంచి ముక్కలు తీసి ఆంప్లిఫయర్‌కు అతికించాడు. వైర్లు కూడా తాను చెప్పినట్టే మార్చాడు. అంబదాస్ సరేనన్న ఎనిమిది నిజంగా ఎనిమిది కావాలంటే వైరు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి పోవాలి. ఆ ఒక్క ముక్క అంబదాస్‌కు తెలియక కాదు. నా ఆంప్లిఫయర్ కాలితే అతనిదేం పోతుంది? నేను మళ్ళీ వచ్చి ఇంకొకటి కొంటాను.

రెండూ మోగాయి. మొదట ఒక్క పెట్టె ఉన్నప్పుడు ఎంత చప్పుడో దానికంటే తక్కువే. పెట్టె మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. రెండు పెట్టెలు కొని ఒక్కదాని కంటే తక్కువ చప్పుడు తెచ్చుకున్నాను. కాని జోడు ఉంది. కాలదు. పెండ్లింటివాళ్ళు అడిగింది జోడు. అది నా దగ్గర ఉంది.

లగ్గం నాడు పొద్దున్నే జీపు కడిగాను. మామిడాకులు కట్టాను. తలపాగా చుట్టుకున్నాను. దామోదర్‌రావు ఇంటి సందులోకి తిరిగేసరికి వాకిట్లో పర్శరాములు జీపు నిలబడి ఉంది. ముందు అద్దం చుట్టూ బంతిపూల దండలు. బానెట్ మీద పెండ్లికొడుకు పేరు, పెండ్లికూతురు పేరు థర్మకోల్‌తో చేసి అంటించారు. అది పొద్దున అంటించింది కాదు. ముందు రోజే చేసిన పని.

పర్శరాములు నన్ను చూసి దిగాడు. "నాకేం ఎర్క లేదు దొరా. బయాన పైసలు ముందే ఇచ్చిన్రు, వచ్చిన" అన్నాడు. అతనిది తప్పు లేదు.

"ఇదేంది?" అని దామోదర్‌రావును అడిగాను.

"బావా, నీ పెట్టెల సప్పుడు తక్కువనట గద. పోరగాండ్లు ఒప్పుకుంటలేరు."

"ఎవరు విన్నరు?"

"ఎవరో అన్నరు."

"రహీమ్ దుకాణంల మోగింది, నా ఇంట్ల మోగింది. ఎవరు విన్నరు పేరు చెప్పు."

నేను జీపులో టేపు పెట్టాను. సందులో ఉన్న పిల్లలు వచ్చి చుట్టూ మూగారు. ఇద్దరు ఎగరడం మొదలుపెట్టారు. ఎగరడానికి ఆ చప్పుడు చాలింది. వాకిట్లో మంచం మీద మా అత్త జానకీబాయి కూర్చుని ఉంది. ప్రమోదినికి, దామోదర్‌రావుకు తల్లి. చూపు మందగించింది. చెవులు బాగున్నాయి.

"దామూ" అంది. "పాటల మీద ఎందుకు పెడతవ్ రా? ఉన్నది చెప్పు అల్లునికి. అడిగినప్పుడల్ల ఒకటి కొని తెస్తుండు. రేపు బ్యాండుమేళం అడుగుతవా?"

నేను టేపు ఆపాను. సరళాదేవి హారతి పళ్ళెం పట్టుకుని గడపలో ఉంది. ఆమే చెప్పింది. గొంతు పెంచలేదు.

"మేనత్త ఉంటెనే మేనత్త ఇల్లు అన్నయ్యా. వదినె లేదు. ఒంటిగున్న మనిషి బండిల పెండ్లికొడుకును ఎట్ల ఎక్కిస్తం? కాగజ్‌నగరోళ్ళు ఏమనుకుంటరు? మీరైతె ఎక్కిస్తరా?"

ఒంటి అన్నది పెట్టెను కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆలస్యంగా తెలిసింది.

"గీ మాట మొదటి రోజు చాయ్ ఇచ్చినప్పుడే అనాలె" అన్నాను. "గప్పుడంటె నేను ఓంలు నేర్చుకోకపోదును. నా జీపుకు టైర్లు వచ్చేటివి."

"మనసుకు నొప్పైతదని" అన్నాడు దామోదర్‌రావు.

"నొప్పి కానియ్యద్దని మూడుసార్లు అబద్ధం ఆడినవ్. మొదలు పాటలన్నవ్. ఆనంక చెల్లె జోడంటె ఊకొట్టినవ్. ఇప్పుడు సప్పుడన్నవ్. మీ అక్క ముందర ఆడతుంటివా గిట్ల?"

దామోదర్‌రావు తల పక్కకు తిప్పాడు. నేను రామేశం వైపు చూశాను. వాడు పట్టు పంచె కట్టుకుని, నుదుట బాసింగం కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి మాట ఒక్కటి చాలు. పెండ్లికొడుకు ఇది కావాలంటే కాదనేవాడు ఆ వాకిట్లో లేడు.

"మామా, జర సమజ్ చేస్కో" అన్నాడు.

పోయి పర్శరాములు జీపు ఎక్కాడు.

జానకీబాయి మంచం మీది నుంచి, "పోయిండా?" అని అడిగింది. ఎవరిని గురించి అడిగిందో నాకు తెలియదు. నేను జీపు వెనక్కి తీశాను. సందు ఇరుకు. తిప్పుకోవడానికి చోటు లేదు. సందు చివరి దాకా వెనక్కే పోవలసి వచ్చింది. అడ్డా మీదికి పోయి నిలబెట్టాను. ఆ రోజు లగ్గాలు ఎక్కువ, బస్సులు దొరకలేదు. మామిడాకులు కట్టిన జీపే మనుషులతో నిండింది. కాగజ్‌నగర్ పెండ్లికి నేను పోలేదు.

పదహారు రోజుల పండుగ అయిన తర్వాత ఒకనాడు రామేశం, అతని భార్య అనసూర్య మా ఇంటికి వచ్చారు. నేను వాకిట్లో జీపు వెనక చక్రం విప్పి పంక్చరు చూస్తున్నాను. అరిగిన టైరు పంక్చరు కాక ఏమవుతుంది? ఆ పిల్ల చేతిలో బట్టల మూట ఉంది. పెండ్లి తర్వాత మేనత్త ఇంటికి బట్టలు పెట్టాలి. అది కూడా మా వాళ్ళ పద్ధతే.

అనసూర్య వంగి నా కాళ్ళకు మొక్కింది. లేచి జీపును చూసింది.

"రిపేర్ అయిందా మామయ్యా?"

"ఏం రిపేరు?"

"లగ్గం నాడు ఖరాబైంది గద. మేనత్తింటి బండి ఏదని మా బాపు అడిగిండు. దారిల ఆగిపోయింది, అందుకే వేరేది మాట్లాడినమని చెప్పిన్రు. మా బాపు బాగ ఫికర్ చేసిండు, మెకానిక్‌ను తోలియ్యాల్నా అని."

రామేశం చెప్పు కొనతో మట్టి గీకుతున్నాడు.

కాగజ్‌నగర్ వాళ్ళు ఏమనుకుంటారో అన్నారు. వాళ్ళు బండి కోసం అడిగారు. ఒంటివాడి బండి అని వాళ్ళకు పట్టలేదు. పట్టింది మా వాళ్ళకే. తమ అనుమానాన్ని ముక్కూ ముఖం తెలియని వాళ్ళ నెత్తిన పెట్టి, నా జీపును దారిలో ఆపేశారు. ఆ జీపు ఒక్కనాడు తనంతట తాను దారిలో ఆగలేదు. టైర్లు అరిగినా ఆగలేదు.

నేను చక్రం బిగించాను. చేతులు తుడుచుకుని లోపల టేపు పెట్టాను. రెండు పెట్టెలూ మోగాయి.

"ఖరాబు కాలేదు బిడ్డా" అన్నాను. "లగ్గం నాడు మీ ఇంటాయన వాకిట్ల గిట్లనే మోగింది. ఆయన పక్కకే ఉన్నడు. అడుగు."

ఆ పిల్ల అడగలేదు. భర్త ముఖం చూసింది. అడిగినా వాడేం చెబుతాడు?

"మామా, బట్టలు తీస్కో" అన్నాడు రామేశం. "మేనత్తింటికి పెట్టాలె గద. అమ్మ పంపింది."

"ఏ ఇంటికి?"

"మామా..."

"మేనత్త లేకుంటె ఇల్లు లేదని మీ అమ్మ నలుగుర్ల అన్నది. నువ్వు విన్నవ్. విని ఎక్కినవ్. మరి గీ బట్టలు ఏ ఇంటికి తెచ్చినవ్? బండికి లేని ఇల్లు బట్టలకు ఎక్కడి నుంచి వచ్చింది?"

"పోనియ్యి మామా. అయిపోయింది గద."

"నీకు అయిపోయింది."

బట్టలు ముట్టుకోలేదు. మూటకు పైన చీర అంచు కనబడుతోంది. చీర ఎవరికి తెచ్చారో, ఎవరు కడతారో అని కూడా ఆలోచించకుండా దుకాణం నుంచి తెచ్చారు. ఆ పిల్లకు మంచినీళ్ళు ఇచ్చాను. వాడికి కూడా ఇచ్చాను. ఇంటికి వచ్చినవాడికి నీళ్ళు ఇవ్వకపోవడం మా పద్ధతి కాదు.

నేను ట్రిప్పుకు పోయే వేళయింది. వాళ్ళు ఆ రోజు కాగజ్‌నగర్ పోవాలి. బస్టాండు దాకా నడిస్తే బస్సు అందదు.

"మమ్ముల బస్టాండుల దించుతరా మామయ్యా?" అని అడిగింది అనసూర్య.

"ఎక్కు బిడ్డా."

ఆమె ముందు సీట్లో కూర్చుంది. మూట ఒళ్ళో పెట్టుకుంది. రామేశం వెనక ఎక్కాడు. రెండు పెట్టెల మీద కాళ్ళు పెట్టకుండా ముడుచుకుని కూర్చున్నాడు. పాట నడుస్తోంది.

"పెద్దగ పెట్టుండ్రి" అంది ఆమె.

"ఇంతే వస్తది. ఎక్కువ పెడితె కాలుతది."

"గింతే మంచిగుంది" అంది. "మాటలు వినబడుతున్నయి."

బస్టాండు ముందు ఆపాను. ఆమె దిగింది. వాడు వెనక నుంచి దిగి వచ్చాడు. నేను చెయ్యి చాపాను.

వాడికి అర్థం కాలేదు. "ఏంది మామా?"

"చార్జీ."

నవ్వబోయి ఆగాడు. "మామా, నాతోనా?"

"ఆమెకు లేదు. ఆమె మా ఇంటికొచ్చిన పిల్ల. నువ్వు ప్యాసింజర్‌వు."

అడ్డా మీద ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు చూస్తున్నారు. పర్శరాములు కూడా ఉన్నాడు. రామేశం చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి నోటు తీసి ఇచ్చాడు. అందరి దగ్గర ఎంత తీసుకుంటానో అంతే తీసుకున్నాను. మిగిలిన చిల్లర వాడి చేతిలో పెట్టాను.

తర్వాత కరీంనగర్, కరీంనగర్ అని కేకేసి మనుషులను ఎక్కించుకున్నాను.